తీగ ఆగిన చోట: ఒక చిన్న వూరి తంతి ఆఫీసు, కబురు మోసిన కాళ్ళు

మన దేశానికి తంతి ఎట్లా వచ్చిందో చెప్పే పుస్తకాలు దాదాపు ఒకే తీరుగా నడుస్తాయి. ఒక దొర కనిపెట్టాడు, ఇంకో దొర డబ్బు మంజూరు చేశాడు, తీగ సాగింది, దేశం ఒక్కటైంది. ఈ కథలో స్తంభాలు వాటంతటవే నిలబడతాయి. ఆఫీసుకొచ్చిన కబురు దానంతటదే వూరు చేరుతుంది. మేం ఇక్కడ అడగదల్చుకున్నది చిన్న ప్రశ్నే. తీగ రాకముందూ, వచ్చాక అది ఆగిపోయిన చోటు నుంచీ, కబురు మోసింది ఎవరు? మోసినవాళ్ళు తమ కబురు తాము పంపుకోడానికి ఎన్నేళ్ళు పట్టింది?

ఇందుకు ఒక చిన్న వూరి దగ్గర మొదలుపెడదాం. బెంగాల్లో హుగ్లీ నది సముద్రంలో కలిసే చోట, పడమటి ఒడ్డున, తూర్పు మేదినీపూర్ జిల్లాలో ఖెజురి అనే వూరుంది. దొరల కాగితాల్లో దాని పేరు కెడ్జరీ. కలకత్తా పోయే ఓడలు ముందు ఇక్కడ లంగరేసేవి. సీమ నుంచి వచ్చిన వుత్తరాలు ఇక్కడే దింపేవాళ్ళు. ఓడ నది ఎదురెక్కి కలకత్తా చేరాలంటే గాలి, పోటు, ఇసుక మేటలు అన్నీ కలిసిరావాలి. కాబట్టి వుత్తరాల సంచులు ముందుగా తెడ్ల పడవల్లో వెళ్ళేవి. టపా పడవలని వాటికి పేరు. కలకత్తా పత్రికలకు సీమ వార్త ఒక పూట ముందు దొరికిందంటే ఆ పూట తెడ్డు వేసినవాళ్ళ రెక్కల కష్టం అది. పత్రికలో పడింది మాత్రం వార్త తెచ్చిన ఓడ పేరూ, దాని కెప్టెన్ పేరూ.

కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే విలియం బ్రూక్ ఓషానసీ అనే డాక్టరు 1839లో కలకత్తా దగ్గర ఇరవైయొక్క మైళ్ళ తీగ కట్టి, కరెంటు మీద సంకేతం పంపించి చూశాడు. కంపెనీ సర్కారు పదేళ్ళు దాన్ని పట్టించుకోలేదు. డల్హౌసీ వచ్చాక 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరుకు లైను పని మొదలైంది. 1851లో కంపెనీ పనులకు అది తెరుచుకుంది. 1852 నాటికి నది దాటి ఖెజురి దాకా వచ్చింది. అట్లా ఈ దేశంలో తంతి ఆఫీసు చూసిన మొట్టమొదటి చిన్న వూళ్ళలో ఖెజురి ఒకటయింది. ఢిల్లీకీ లక్నోకూ లేనిది ఈ రేవుకు ఎందుకొచ్చింది అంటే జవాబు సులభం. ఓడ వచ్చిందా, ఏం సరుకు తెచ్చింది, ఏ యుద్ధ వార్త మోసుకొచ్చింది అన్నది కలకత్తా వ్యాపారికీ, గవర్నర్ జనరల్‌కూ అందరికన్నా ముందు తెలియాలి. వూరి జనం కోసం వచ్చిన ఆఫీసు కాదు అది.

ఆ లైను ఎట్లా కట్టారో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మనకు తెలిసిన సన్న తీగ కాదది. అంగుళంలో మూడెనిమిదో వంతు మందం వున్న ఇనప కడ్డీలు. ఒకదానికొకటి అతికించుకుంటూ పోవాలి. కలకత్తా దగ్గర కొంత మేర భూమిలో పూడ్చారు, తరవాత వెదురు స్తంభాల మీద ఎత్తారు. కోతులు వేళ్ళాడినా, పెద్ద పక్షులు వాలినా తెగదని అంత లావు కడ్డీ పెట్టాడట ఓషానసీ. తెలివైన ఆలోచనే. అయితే అంత బరువు ఇనుమును వరిచేలల్లో, వుప్పుటేర్లలో, చిత్తడి నేలల్లో భుజాన మోసుకుపోవాలి గదా. నది దాటే చోట గుట్టపెర్చా తొడుగేసిన కేబుల్‌ను అడుగున పరిచారు. అదీ పడవల మీద నుంచి చేతులతో వదలాల్సిందే.

చరిత్రలో పేరు మిగిలిన నల్లవాడు ఒకడున్నాడు. టంకశాలలో పనిచేస్తుంటే ఓషానసీ తీసుకొచ్చిన శివచంద్ర నంది. డైమండ్ హార్బర్ నుంచి మొదటి సంకేతం పంపింది ఆయనే అంటారు. తరవాత పై జిల్లాల్లో లైన్లు వేయించాడు, తాటి మొద్దుల్ని స్తంభాలుగా నిలబెట్టించాడు. పద్మా నదికి అడ్డంగా ఏడు మైళ్ళ కేబుల్ పరవడానికి స్టీమరు అద్దె మరీ ఎక్కువ అడిగితే జాలర్ల పడవలు మాట్లాడి పని పూర్తి చేశాడు. సర్కారు ఆయనకు రాయ్ బహదూర్ బిరుదిచ్చింది. నంది గొప్పదనాన్ని తక్కువ చేయడం మా వుద్దేశం కాదు. స్టీమరు ఖర్చు మిగిలింది అన్న మాటకు అర్థం ఏమిటో చూడమంటున్నాం. జాలరి కూలి స్టీమరు అద్దెకన్నా చవక. ఆ మిగిలిన డబ్బే గొప్ప పొదుపుగా పుస్తకాల్లోకి ఎక్కింది. పడవ మీద నిలబడి కేబుల్ వదిలినవాళ్ళు 'కూలీలు', 'పడవవాళ్ళు' అన్న రెండు మాటల్లో సర్దుకున్నారు.

ఇక ఆఫీసు లోపల. మొదటి ఆఫీసుల్లో మోర్స్ యంత్రం లేదు. బల్ల మీద ఒక సూది. అవతల నుంచి కరెంటు వచ్చినప్పుడల్లా అది కుడికో ఎడమకో ఊగుతుంది. ఎన్ని సార్లు ఎటు ఊగిందో చూసి అక్షరం రాసుకోవాలి. టిక్కు టిక్కు మనే మోర్స్ పద్ధతి కొన్నేళ్ళ తరవాత వచ్చింది. బల్ల ముందు కూర్చునే సిగ్నలర్లు ఎక్కువగా దొరలూ, ఆంగ్లో ఇండియన్లూ. బయట లైను చూసే ఖలాసీలూ, కబురు పట్టుకుపోయే బంట్రోతులూ నల్లవాళ్ళు. ఈ గీత చాలా కాలం అట్లాగే నిలిచింది.

ఖెజురి ఆఫీసుకు పేరు తెచ్చిన కబురు 1852 ఏప్రిల్‌లో వచ్చింది. రెండో బర్మా యుద్ధం జరుగుతోంది. రంగూన్ పడిపోయిందన్న వార్తతో రాట్లర్ అనే ఆవిరి యుద్ధనౌక నదీముఖానికి వచ్చింది. ఓడ కలకత్తా చేరకముందే వార్త తీగ మీద డల్హౌసీకి చేరింది. దేశమంతా తీగ వేయాలన్న పట్టు ఆయనకు అప్పుడు గట్టిపడింది. 1854 మార్చిలో ఆగ్రా నుంచి కలకత్తాకు మొదటి కబురు నడిచింది. 1855 ఫిబ్రవరిలో తంతిని మామూలు జనానికీ తెరిచారు. రేటు, నాలుగువందల మైళ్ళకు పదహారు మాటలు, ఒక రూపాయి. కూలి అణాల్లో దొరికే కాలంలో పదహారు మాటలకు రూపాయి అంటే ఆ 'మామూలు జనం' ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట. ఆ రంగూన్ వార్త మనకు పరాయిది కాదు. దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చాక కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి పోయిన తెలుగు కూలీలెందరో. అందులో మన మాలమాదిగ వాడల వాళ్ళు లెక్కలేనంత మంది. కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగు కూలీని 'కోరంగీ' అని పిలిచారు, అది తిట్టుగానూ వాడారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య కొట్లాటలు రేగి మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. రంగూన్ పడిపోయిన కబురు గంటల్లో కలకత్తా చేరింది గానీ, రంగూన్ రేవులో పోయిన కూలీ కబురు అతని వాడకు అంత వేగంగా చేరే ఏర్పాటు డెబ్బై ఎనిమిదేళ్ళ తరవాత కూడా లేదు. వూరికి తిరిగొచ్చిన మరో కూలీ నోటితో చెబితేనే తెలిసేది.

ఖెజురి దగ్గరికి మళ్ళీ వద్దాం. 1864 అక్టోబర్ 5న పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం వుప్పెనై నది మీదికి ఎక్కింది. ఖెజురి రేవు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. హుగ్లీ ముఖద్వారం పొడుగునా, కలకత్తాతో కలిపి, యాభై వేల మందికి పైగా పోయారని లెక్క. సరిగ్గా ఇరవైయేడు రోజులకు, నవంబర్ 1న, మన మచిలీపట్నం మీద ఇంకో వుప్పెన పడింది. అక్కడ ముప్పై వేల మంది. ఇన్ని ప్రాణాలు పోయాక 1865లో సర్కారు తుఫాను హెచ్చరికల ఏర్పాటు చేసింది. ఎవరికి? కలకత్తా రేవులో వున్న ఓడలకు. తీరం పొడుగునా తీగ వుంది కాబట్టి గాలి తీరు మారగానే రేవుకు కబురు పంపొచ్చు, ఓడలు జాగ్రత్త పడొచ్చు. దేశానికి వాతావరణ శాఖ 1875లో వచ్చింది. ఓడకు కబురు చెప్పే పద్ధతి ముందు పుట్టింది, గుడిసెకు చెప్పే పద్ధతి కోసం చాలా కాలం ఎవరూ తొందరపడలేదు.

గుడిసెకు కబురు చెప్పేది ఎవరు మరి? తంతి తాలూకా కచేరీ దాకా వచ్చేది. అక్కడి నుంచి కాగితం పట్టుకుని మునసబు ఇంటికి నడిచేది వెట్టివాడు. మునసబు వినిపించాక వూళ్ళో టముకు వేసేదీ మనవాడే. తనుండే వాడ మాత్రం చాలా వూళ్ళలో పల్లంలో, చెరువు దిగువనో కాలవ గట్టునో వుంటుంది. వూరంతటికీ హెచ్చరిక చాటి చివరకు తన గుడిసె చేరుకునేది అతనే. 1977 నవంబర్ 19న దివిసీమ వుప్పెన నాటికి రేడియో వుంది, టెలిఫోన్ వుంది, హెచ్చరికలూ వెలువడ్డాయి. సర్కారు లెక్క ప్రకారమే పోయినవాళ్ళు సుమారు పదివేలు. కోతలకని వచ్చిన కూలీలు, పల్లెకారులు, పల్లంలోని వాడలు. రేడియో చెప్పింది గదా అన్నవాళ్ళు వాడలో ఎన్ని రేడియోలున్నాయో చూసి మాట్లాడాల్సింది.

కబురు మోయడం మనకు కులవృత్తిగా రాసిపెట్టారు. తెలుగు వూళ్ళలో సర్కారు కాగితం పట్టుకు పోవడం, రకం సొమ్ము తాలూకాకు మోయడం, అధికారి వస్తున్నాడంటే ముందు పరుగెత్తడం, పెద్ద కులాల ఇళ్ళలో చావైతే పొరుగూళ్ళలోని చుట్టాలకు సావు కబురు చెప్పి రావడం, ఇవన్నీ వెట్టి కింద జమ. అర్ధరాత్రి లేపినా పోవాలి. ఎండా వానా లేదు. పోయిన చోట అరుగు కింద నిలబడి కబురు చెప్పాలి, దోసిట్లో పోసిన నీళ్ళు తాగి తిరిగిరావాలి. మహారాష్ట్రలో మహర్లకు ఇదే పని వతన్ పేరుతో, 1874 నాటి బొంబాయి వంశపారంపర్య వుద్యోగాల చట్టం కింద అంటగట్టారు. ఇరవైనాలుగు గంటలూ సర్కారు చాకిరీ, ఒకడు లేకపోతే ఇంట్లో ఇంకొకడు రావాలి. ఈ చట్టాన్ని సవరించమని అంబేద్కర్ 1928లో బొంబాయి కౌన్సిల్లో బిల్లు పెట్టారు. చిన్న వూళ్ళలో తంతి చవగ్గా నడిచిందంటే కారణం బ్యాటరీ ఒక్కటే కాదు. ఆఫీసుకు దగ్గరి మేర దాటితే టెలిగ్రాం మామూలు టపాలో కలవాలి, లేదా మనిషిని పెట్టి పంపాలి. సర్కారు కబురుకు ఆ మనిషి వూరికే దొరికాడు. తీగకు మైలుకింతని ఖర్చు రాశారు, వెట్టివాడి నడకకు ఏ పద్దులోనూ ఖర్చు లేదు.

కబురు అందకపోతే అంటరానివాడికి ఏమవుతుందో అంబేద్కరే రాశారు. 1901లో, తొమ్మిదేళ్ళ వయసులో, అన్నతో, మేనల్లుడితో కలిసి సతారా నుంచి గోరేగావ్‌లో పనిచేస్తున్న తండ్రి దగ్గరికి బయల్దేరారు. వస్తున్నామని ముందే వుత్తరం రాశారు. మసూర్ స్టేషన్‌లో దిగితే ఎవరూ లేరు. వుత్తరం అందుకున్న నౌకరు తండ్రికి చెప్పడం మరిచాడు. మంచి బట్టలేసుకున్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు జాలిపడి ఎవరి పిల్లలని అడిగాడు. మహర్లమని చెప్పగానే ముఖం మారిపోయి తన గదిలోకి వెళ్ళిపోయాడు. బండివాళ్ళు రామన్నారు. చివరకు రెట్టింపు కిరాయిచ్చి, బండి పిల్లలే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచాడు. రాత్రంతా తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఆ రోజుల్లో చిన్న వూళ్ళకు తంతి అంటే ఎక్కువగా రైల్వే స్టేషనే. వేరే ఇంటి పిల్లలైతే ఆ మాస్టరు ఎటువైపు అడుగేసేవాడో ఎవరైనా చెప్పగలరు.

చదువు రానివాడికి ఇంకో బాధ. టెలిగ్రాం ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది. తెలుగు మాటనైనా ఆ అక్షరాల్లోనే కొట్టాలి. 'ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అన్న నాలుగు మాటలు చదివించుకోడానికి కరణం దగ్గరికో బడిపంతులు దగ్గరికో పోవాలి. మన ఇంట్లో చావు మనకన్నా ముందు వూరి పెద్దకు తెలిసేది. ఆయన తీరికగా వున్నప్పుడు, అరుగు మీద నుంచి, చదివి చెప్పేవాడు. వాడలో టెలిగ్రాం అనగానే, విప్పకముందే, ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టడం మా తరం వాళ్ళు చూసిందే. వుద్యోగం వచ్చిందన్న టెలిగ్రాంకు కూడా ఏడ్చిన ఇళ్ళున్నాయి.

ఇంత చెప్పాక రెండో సంగతీ చెప్పాలి. తంతి కౌంటరులో ఒక విచిత్రం వుంది. అక్కడ మాటకింతని లెక్క. ఏ కులం మాటైనా రేటు ఒకటే. డబ్బు కట్టి, రసీదు తీసుకుంటే, వూరి మునసబును అడక్కుండా, అతని చేతిలో కాగితం పెట్టకుండా, నేరుగా గవర్నరుకో లండనుకో కబురు పోతుంది. ఈ సందును మనవాళ్ళు కనిపెట్టారు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములన్న పేరు వదిలి ఆది ఆంధ్రులమని చెప్పుకున్నప్పటి నుంచీ తీర్మానం చేయడం, దాన్ని పైకి పంపడం మన రాజకీయంలో భాగమైంది. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అంటరానివాళ్ళకు తానే ప్రతినిధినని గాంధీ అన్నప్పుడు, కాదు అంబేద్కరే మా ప్రతినిధి అంటూ దేశం నుంచి టెలిగ్రాంలు లండను చేరాయి. తరతరాలుగా ఇతరుల కబుర్లు మోసినవాళ్ళు తమ సొంత మాటకు డబ్బు కట్టి సముద్రాలు దాటించడం అది. చిన్న సంగతి కాదు. మరుసటేడు 1932 సెప్టెంబర్ 24న ఎరవాడలో పూనా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పాఠం తంతి మీద లండను పోయింది, 26న బ్రిటిష్ సర్కారు ఒప్పుకున్నట్టు జవాబొచ్చింది, గాంధీ దీక్ష విరమించారు. ప్రత్యేక నియోజకవర్గాలు పోయిన కబురు కూడా అదే తీగ మీద వచ్చింది.

కౌంటరు అందరికీ సమానమే అని మేం అనడం లేదు. 1885 తంతి చట్టం అయిదో సెక్షను ప్రకారం ప్రజా అత్యవసరం పేరు చెప్పి కబురును ఆపే, చూసే అధికారం సర్కారుదే. స్వాతంత్ర్యం వచ్చాకా ఆ చట్టం పోలేదు. అయినా రసీదు ముక్క విలువ దానికుంది. కారంచేడు (1985), చుండూరు (1991) నాటి కాలంలో పౌరహక్కుల సంఘాలతో కలిసి పనిచేసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. పోలీసులు ఎవరినైనా పట్టుకుపోతే మొదట చేసే పని టెలిగ్రాం ఇవ్వడం. ముఖ్యమంత్రికి, డీజీపీకి, జిల్లా ఎస్పీకి, జడ్జికి. ఫలానా వాణ్ణి ఫలానా రోజు ఇంత గంటలకు తీసుకుపోయారు, ప్రాణానికి ప్రమాదం. అంతే. మేం పట్టుకోనే లేదని రేపు స్టేషన్ వాళ్ళు అంటే, రసీదు మీద తేదీ, టైము, ఆఫీసు ముద్ర వుంటాయి. టెలిగ్రాం అందినంత మాత్రాన మనిషి విడుదల కాడు. కానీ మనిషి కనపడకుండా పోయిన టైముకు ఒక సాక్ష్యం మిగులుతుంది. 1995 సెప్టెంబర్‌లో అమృత్‌సర్‌లో జస్వంత్ సింగ్ ఖల్రాను ఎత్తుకుపోయినప్పుడు సుప్రీంకోర్టు జడ్జి ఒకరికి వచ్చిన టెలిగ్రాంనే హెబియస్ కార్పస్ పిటిషనుగా తీసుకున్నారు. ఖల్రా బతికి రాలేదు, కానీ కేసు ఆ టెలిగ్రాంతోనే మొదలైంది.

1996 డిసెంబర్ 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టులకు పదకొండు సూత్రాలు పెట్టింది, ప్రతి పోలీస్ స్టేషన్‌లో అందరికీ కనపడే చోట వాటిని పెట్టమంది. అందులో నాలుగోది చదవండి. పట్టుబడినవాడి బంధువు వేరే జిల్లాలోనో వేరే పట్నంలోనో వుంటే, ఎప్పుడు, ఎక్కడ పట్టుకున్నారో, ఎక్కడ వుంచారో ఎనిమిది నుంచి పన్నెండు గంటల లోపు న్యాయసహాయ సంస్థ ద్వారా, అక్కడి పోలీస్ స్టేషన్ ద్వారా టెలిగ్రాం మీద తెలియజేయాలి. నూటయాభై ఏళ్ళు వాడ మనిషి కాలినడకన సర్కారు కబురు మోస్తే, ఇప్పుడు సర్కారే వాడ మనిషి కబురు తీగ మీద పంపాలని రాసిన మాట ఇది. ఎంత వరకు పాటించారన్నది వేరే చర్చ.

2013 జూలై 14 రాత్రితో దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. ఆ రాత్రి పట్నాల్లో జనం క్యూ కట్టి గుర్తుగా ఆఖరి టెలిగ్రాంలు ఇచ్చుకున్నారు, పత్రికలు ఫోటోలు వేశాయి. 1885 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. సెల్‌ఫోన్ వుంది గదా అంటారు. వుంది. పట్టుకుపోయేటప్పుడు ముందు లాక్కునేదీ దాన్నే. ముద్రా, తేదీ, టైము వేసి ఎవడి కబురుకైనా రసీదిచ్చే కౌంటరు ఇప్పుడు ఆ చిన్న పట్నంలో ఎక్కడుంది, నాలుగో సూత్రం కింద కబురు ఏ దారిన పంపుతున్నారు, పంపినట్టు రుజువేమిటి అని స్టేషన్ మెట్ల మీద నిలబడ్డ బంధువు అడగొచ్చు. అడిగి, జవాబు రాతపూర్వకంగా ఇమ్మనొచ్చు.